ఆరు గంటలు నడిపినా క్యారవాన్ బ్యాటరీ ఎందుకు నిండలేదు?

నమస్తే అండీ. ఈ వీడియోలో కొండలూ జలపాతాలూ ఏమీ ఉండవు, ముందే చెప్పేస్తున్నా. బండి కింద పడుకుని నేను వైర్లు లాగిన కథ ఇది.

క్యారవాన్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది షూటింగ్ దగ్గర హీరోగారి బండి. దానికి జనరేటర్ తోడు ఉంటుంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్ళకి కరెంటు గురించి టెన్షన్ ఉండదు. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రావెలర్. అందులో ఒక మంచం, వంటగట్టు, 12 వోల్టుల ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు పెట్టుకున్నాం. ఈ మార్పులన్నీ ఆర్‌సీలో ఎక్కించుకోవాలండోయ్, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆ సంగతే చెబుతుంది. దాని గురించి విడిగా ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

పోయిన ఏప్రిల్‌లో మారేడుమిల్లి వెళ్ళాం. విజయవాడ నుంచి రాజమండ్రి మీదుగా, టిఫిన్‌కీ భోజనానికీ ఆగింది తీసేస్తే ఇంజిన్ ఆరు గంటలు నడిచింది. వెనకాల 150 ఆంపియర్ అవర్ (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) ట్యూబులర్ బ్యాటరీలు రెండు. ఇంట్లో ఇన్వర్టర్ కింద పెడతాం చూడండి, అవే. బయల్దేరేటప్పటికే అవి సగానికి దిగి ఉన్నాయి. ఆరు గంటల ప్రయాణం కదా, దారిలో నిండిపోతాయిలే అనుకున్నా. రాత్రి కరెంటు కుక్కర్లో అన్నం వండుకున్నాం, ఫ్యాన్లు వేసుకుని పడుకున్నాం. రెండింటికి అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఇన్వర్టర్ కుయ్యోమంటోంది. మా ఆవిడ లేచి కూర్చుని, "ఆరు గంటలు నడిపారు కదండీ, ఆ ఛార్జింగంతా ఎక్కడికి పోయింది?" అంది.

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

తిరిగొచ్చాక ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి తీసుకెళ్ళా. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీలని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని మనవాళ్ళు ఇప్పటికీ డైనమో అనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. అన్న మీటరు పెట్టి చూసి, "డైనమో బ్రహ్మాండంగా ఉంది తమ్ముడూ, బ్యాటరీలు పోయినట్టున్నాయి, మార్చేయ్" అన్నాడు. నేను కాసేపు ఆగమని చెప్పి అదే మీటరు పట్టుకుని వెనక్కి వెళ్ళా. డైనమో దగ్గర 14.1 వోల్టులు. వెనక బ్యాటరీ టెర్మినల్ మీద 13.2. మధ్యలో 0.9 వోల్టు ఎవరో తినేశారు! క్లాంప్ మీటరు పెడితే వెనక్కి వెళ్తున్నది 9 ఆంపియర్లు. తొమ్మిదారులు యాభై నాలుగు. రెండు బ్యాటరీల్లో సగం నింపాలంటే నాకు కావాల్సింది 150 ఆంపియర్ అవర్లు, వచ్చింది అందులో సుమారు మూడో వంతు. అదీ ఆ ఆరు గంటల లెక్క.

ట్యూబులర్ బ్యాటరీ సరిగ్గా నిండాలంటే దాని టెర్మినల్ మీద 14.4 వోల్టుల వరకూ ఉండాలి. 13.2 అంటే నిండిన బ్యాటరీని నిండుగా ఉంచడానికి కూడా బొటాబొటిగా సరిపోయే వోల్టేజీ. పైన ఎంత పెద్ద ట్యాంకు కట్టుకున్నా కింద మోటారు నుంచి వచ్చే పైపు అరంగుళమే అయితే ఏం లాభం? అప్పుడు నేను కొత్త బ్యాటరీలు వేసి ఉంటే, అవీ మారేడుమిల్లిలో రాత్రి రెండింటికే ఆగిపోయేవి.

మరి ఆ 0.9 వోల్టు ఎక్కడ పోయింది? మీరూ ఇంట్లో చేసుకోవచ్చు, చూడండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టండి. మీటరు ఒక కొస డైనమో బాడీ మీద, రెండోది వెనక బ్యాటరీ నెగటివ్ మీద ఆనించండి. అక్కడ దాదాపు సున్నా రావాలి. మా బండిలో 0.4 వచ్చింది. బ్యాటరీ నెగటివ్‌ని బండి ఛాసిస్‌కి కలిపే ఎర్త్ బోల్టు విప్పితే కింద పెయింటు, దాని మీద తుప్పు. గీకి, బేర్ మెటల్ మీద కొత్త లగ్గు (వైరు కొసకి తొడిగే రింగు) బిగించి, పైన గ్రీజు పూశాం. పావుగంట పని, బోల్టూ లగ్గూ తప్ప ఖర్చు లేదు. వెనక్కి వెళ్ళే ఆంపియర్లు వెంటనే పెరిగాయి. నేను చేసిన మొత్తం అప్‌గ్రేడ్‌లో ఇదే అన్నిటికంటే గిట్టుబాటైనది. కాబట్టి ఏదైనా ఆర్డర్ పెట్టే ముందు ఈ ఒక్క రీడింగు తీసుకోండి.

మిగతా అర వోల్టు వైరులో, ఇంజిన్ బ్యాటరీనీ వెనక బ్యాటరీలనీ కలిపే రిలేలో, ఫ్యూజు హోల్డర్లో పోతోంది. ముందు యజమాని 6 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించాడు. మీటరు పొడవుకి దాని రెసిస్టెన్సు సుమారు 3 మిల్లీ ఓములు. ఇంట్లో ఏసీకి అది చాలు, ఎందుకంటే అక్కడ 230 వోల్టుల్లో ఒక వోల్టు పోయినా తేడా తెలీదు. 12 వోల్టుల దగ్గర అర వోల్టు పోతే పని సగం పాడైనట్టే.

ఇక బ్యాటరీ. నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి మారాను, 200 ఆంపియర్ అవర్. తేలిక, ఎక్కువ ఏళ్ళు వస్తుంది అని అందరూ చెబుతారు, నిజమే. నన్ను ఒప్పించింది మాత్రం ఛార్జింగ్ తీరు. ట్యూబులర్ 80 శాతం దాకా గబగబా ఎక్కుతుంది. ఆ తర్వాత గారాబం మొదలు. చివరి 20 శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఛార్జరు ఎంత పెద్దదైనా సరే. రోజూ పూర్తిగా నింపకపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కెపాసిటీ పడిపోతుంది. రెండు గంటలు నడిపి ఆపే బండిలో అది ఎప్పటికీ నిండదు. లిథియం అలా కాదు, ఇచ్చినంతా దాదాపు చివరి వరకూ తాగుతుంది. సగంలో ఆపినా దానికి బాధ లేదు.

మన కంపెనీలవి లేవా అని కొందరు అడిగారు. ప్యాకులు ఇక్కడ కడుతున్నారు గానీ లోపలి సెల్సు ఎక్కువగా చైనావే. తిరుపతి అమరరాజా వాళ్ళు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేశారు. అక్కడి సెల్సు మన బండ్లలోకి వచ్చే రోజు కోసం నేనూ చూస్తున్నా.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ "ఎంత ఇస్తే అంత తాగుతుంది" అన్న మంచి గుణమే డైనమోకి యముడు. పాత రిలేకే కొత్త లిథియం కలిపేసి, లావు వైరు లాగారనుకోండి. అది ఆగకుండా 60, 70 ఆంపియర్లు గుంజుతుంది. మా డైనమో మీద 90 అని రాసుంది, కానీ ఆ 90 ఇంజిన్ స్పీడులో ఉన్నప్పుడు మాట. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఐడిల్‌లో నిలబడితే అంత ఇవ్వలేదు. పైగా దాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా అదే షాఫ్టు మీద తిరుగుతుంది కాబట్టి అదీ నెమ్మదిస్తుంది. పని ఎక్కువ, గాలి తక్కువ. కాయిల్ కాలిపోవడానికి ఇంకేం కావాలి? ఇంకోటి కూడా ఉంది. బ్యాటరీ నిండగానే లోపలి బీఎమ్ఎస్, అంటే దాన్ని కాపాడే సర్క్యూట్, టక్కున కనెక్షన్ తెంచేసిందంటే, అప్పటిదాకా పారుతున్న కరెంటుకి దారి లేక వోల్టేజీ ఒక్కసారి ఎగిరి డైనమో డయోడ్లు పోయే ప్రమాదం ఉంది.

అందుకే మధ్యలో డీసీ టు డీసీ ఛార్జరు పెట్టాలి. డైనమో వైపు నుంచి 13 వోల్టులొచ్చినా 14 వచ్చినా, వెనక్కి లిథియంకి కావాల్సిన 14.2 నుంచి 14.4 లెక్కగా ఇస్తుంది, ఆంపియర్లకి హద్దు పెడుతుంది. నాది 30 ఆంపియర్లది. 50ది కొందామని చెయ్యి లాగింది గానీ, 30 ఇవ్వాలంటేనే అది డైనమో వైపు నుంచి 35 నుంచి 40 లాగుతుంది. హెడ్‌లైట్లు, బ్లోయరు కూడా అందులోంచే నడవాలి. మా 90 డైనమోకి ఇదే మర్యాద. ఆరు గంటలు నడిపితే 180 ఆంపియర్ అవర్లు. అదే మారేడుమిల్లి దారి, అదే డైనమో!

దీని వైరు 25 చదరపు మిల్లీమీటర్లది, పాజిటివూ నెగటివూ రెండూ విడిగా లాగించా. ఛాసిస్‌ని ఇక నమ్మదల్చుకోలేదు. రానూపోనూ 12 మీటర్లకి 0.35 వోల్టు దాకా పోతుంది, ఛార్జరు దాన్ని సర్దుకుంటుంది. పాజిటివ్ వైరుకి రెండు కొసల్లోనూ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే ఆ వైరుకి ఒక వైపు ఇంజిన్ బ్యాటరీ, రెండో వైపు లిథియం. ఒక్క కొసకే పెడితే, మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే రెండో బ్యాటరీ దాన్ని నిక్షేపంగా కాలుస్తుంది. ఛార్జరు ఆన్ అవ్వడానికి ఇగ్నిషన్ నుంచి సన్న వైరు ఒకటి ఇచ్చాం. బండి ఆపగానే అదీ ఆగుతుంది, పొద్దున సెల్ఫ్ కొట్టడానికి కావాల్సిన ఇంజిన్ బ్యాటరీ భద్రంగా ఉంటుంది.

లగ్గుల దగ్గర ఆటోనగర్ అన్నకీ నాకూ చిన్న గొడవ అయింది. ఆయన అలవాటుగా సుత్తి తీశాడు. "అన్నా, ఇది వద్దు, లగ్గుని వైరుకి గట్టిగా నొక్కే హైడ్రాలిక్ క్రింపర్ అద్దెకి తెద్దాం" అన్నా. "ముప్పై ఏళ్ళ నుంచి కొడుతున్నా, ఏ బండీ తిరిగి రాలేదు" అన్నాడు. పెద్దాయన, ఏమంటాం? ఒక లగ్గు ఆయన పద్ధతిలో, ఒకటి క్రింపర్‌తో వేసి, అరగంట 100 ఆంపియర్లు లాగి చేత్తో పట్టుకుని చూశాం. సుత్తి లగ్గు మీద వేడికి చెయ్యి ఆనలేదు. ఇప్పుడు షాపులో ఆయనే క్రింపర్ కొని పెట్టుకున్నాడు.

ఫ్యూజు గురించి ఇంకొక్క మాట. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. మామూలు ఫ్యూజు కరిగినా లోపల మంట అంటుకుని కరెంటు పారుతూనే ఉంటుంది. బ్యాటరీ పక్కనే, అంత కరెంటునీ తెంచగల క్లాస్ టీ ఫ్యూజే వేయండి. కొన్ని షాపుల్లో ఇంట్లో వాడే ఏసీ ఎమ్‌సీబీ చేతిలో పెడతారు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆ నిప్పు ఆరుతుంది. డీసీలో ఆ సున్నా రాదు, నిప్పు ఆరదు. తీసుకోకండి.

దాబా దగ్గర ప్లగ్ పెట్టుకునే ఛార్జింగ్ కూడా మార్చాను. పాత ఇన్వర్టర్ ట్యూబులర్ కోసం చేసినది, లిథియం సెట్టింగే లేదు. పైగా ఊరి చివర దాబాల్లో వోల్టేజీ 170కి పడితే అసలు ఛార్జే చేసేది కాదు. కొత్త ఛార్జరు తక్కువ వోల్టేజీలోనూ పనిచేస్తుంది, ఎన్ని ఆంపియర్లు లాగాలో మనమే తగ్గించుకోవచ్చు. దాబా ఓనరు వైరింగు మన సొంతం కాదు కదా, నేను తక్కువలోనే పెడతాను.

సోలార్ గురించి చాలామంది అడిగారు. పైన 400 వాట్ల ప్యానెల్, దాన్నుంచి వీలైనంత పవర్ పిండే ఎమ్‌పీపీటీ కంట్రోలరు. ఎండ బాగుంటే రోజుకి 100 ఆంపియర్ అవర్ల దాకా వస్తోంది, ముసురు పట్టిన రోజు పాతిక వస్తే గొప్ప. ఇందులో ఒక తమాషా ఉంది. మనం బండి ఆపేది మామిడిచెట్టు నీడ చూసి. ప్యానెలుకి కావాల్సింది ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో ఆపితే ప్యానెలు బాగా పనిచేస్తుందా అంటే అదీ పూర్తిగా కాదు. ప్యానెల్ 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.4 శాతం దాకా పవర్ తగ్గుతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకి చేరితే 16 శాతం అక్కడే పోయినట్టు. పైకప్పుకీ ప్యానెలుకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది. బ్యాటరీని కూడా ఇంజిన్ వేడికి దూరంగా మంచం కింద పెట్టాం. చలి సంగతి లంబసింగి దాకా అయితే పెద్దగా ఇబ్బంది లేదు. స్పితి, లద్దాఖ్ వెళ్ళేవాళ్ళు మాత్రం గుర్తుంచుకోండి, లిథియంని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. ఆ రక్షణ ఉన్న బీఎమ్ఎస్ చూసి కొనండి.

నా తప్పు కూడా చెప్పేస్తాను. లిథియంలో వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, 70 శాతం దగ్గరా 40 శాతం దగ్గరా దాదాపు ఒకటే చూపిస్తుంది. అందుకే నెగటివ్ వైపు షంట్, అంటే కరెంటు కొలిచే ముక్క, పెట్టి, వచ్చిందీ పోయిందీ లెక్కేసుకోవాలి. నేను షంట్ పెట్టాను, కానీ ఫ్రిజ్ నెగటివ్ వైరు ఒకటి పొరపాటున షంట్‌కి ఇవతల, నేరుగా బ్యాటరీకి బిగించా. ఫ్రిజ్ తిన్నది లెక్కలోకి రాలేదు. రెండు వారాలు ఫోన్‌లో 90 శాతం చూసుకుని మురిసిపోయా. ఒక రాత్రి 71 శాతం చూపిస్తూనే బీఎమ్ఎస్ కట్ అయింది. ఈసారి ఇంటి ముందే ఆపి ఉంది కాబట్టి ఎవరికీ తెలీదు. అంటే, ఇప్పటిదాకా తెలీదు.

మొన్న మళ్ళీ అదే మారేడుమిల్లి. దిగేసరికి 100 శాతం. ఫ్యాన్లు, ఫ్రిజ్, కుక్కరు, పొద్దున ఇడ్లీలోకి కొబ్బరి చట్నీకి మిక్సీ, అన్నీ అయ్యాక 58 ఉంది. మా ఆవిడ ఫోన్ చూసి ఏమీ అనలేదు, ఇంకోసారి మిక్సీ వేసింది.

పాత ట్యూబులర్లు ఏం చేశారని అడుగుతారు కదా. మంచిగా ఉన్న ఒకటి మా అత్తగారింట్లో ఇన్వర్టర్ కింద పెట్టాం. మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయడానికి నేనే వెళ్తున్నా.