మనం కృష్ణను చూస్తున్నాం, బుడమేరు వచ్చింది
(విజయవాడ సింగ్ నగర్‌లో కాలనీ సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

2024 ఆగస్టు 31 రాత్రి మనలో చాలామంది టీవీలో ప్రకాశం బ్యారేజీ లెక్కలు చూస్తూ కూర్చున్నాం. ఇన్ని లక్షల క్యూసెక్కులు (సెకనుకు పారే ఘనపుటడుగుల నీళ్లు) అంటుంటే టెన్షన్ పడ్డాం. తెల్లారేసరికి గుమ్మంలోకి వచ్చింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు వాగు.

అదెలా జరిగిందో చెప్పుకుందాం. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. కొండల్లో కుండపోత పడితే వరద మన మీదికి దిగడానికి రోజులు పట్టదు. ఊరిని కాపాడటానికి వెలగలేరు దగ్గర గేట్లున్న రెగ్యులేటర్ కట్టి, నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. మంచి ఏర్పాటే. చిక్కల్లా ఒకటే, కాలువ ఖాళీ కావాలంటే కృష్ణ కిందికి ఉండాలి. ఆ వాన రెండింటి మీదా ఒకేసారి పడింది. కృష్ణ అప్పటికే పెరుగుతోంది, సెప్టెంబరు 2కి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరదకు చేరింది. అంత ఎత్తున పారుతున్న నదిలోకి కాలువ నీళ్లు ఎలా దిగుతాయి? పైనుంచి వచ్చేది ఆగదు, కింద పోయే దారి లేదు. కాలువ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆర్మీ కూడా వచ్చి చెయ్యి వేస్తే సెప్టెంబరు 7కి గానీ పూడలేదు.

నీళ్లు పాత దారి వెతుక్కున్నాయి. ఆ దారిలో మన ఇళ్లున్నాయి. ఆక్రమణలని పేదవాళ్లనే తిట్టడం తేలిక. లేఅవుట్ వేసినవాళ్లనీ, దానికి సంతకం పెట్టినవాళ్లనీ ఎవరూ అడగరు.

తర్వాత సంగతి మీకు నేను చెప్పాలా? డ్రోన్లతో డాబాల మీదికి తిండి పొట్లాలు, ఫైరింజన్లు వచ్చి బురద కడగడం. మెకానిక్ షెడ్ల ముందు బళ్లు వరసగా పెట్టారు. ఒక కుర్రాడు ఇంజన్ ఆయిల్ దించితే పాలెక్కువైన టీలా వచ్చింది. మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేసినవాళ్లకే ఎక్కువ ఖర్చయింది. ఈసారైనా కిక్ కొట్టకుండా షెడ్డుకి తోసుకెళ్లండి.

నా మాట ఒక్కటే. క్యూసెక్కులు ఇంజనీర్లకి కావాలి. మనకి కావలసింది వేరు: బుడమేరు పాత దారిలోకి నీళ్లు వదిలే వెలగలేరు గేట్లు ఎప్పుడు ఎత్తుతున్నారు, ఎత్తితే నీళ్లు మన వీధికి ఎన్ని గంటల్లో వస్తాయి, మోకాలి లోతా, నడుము లోతా. ఆ మూడూ మైకులో తెలుగులో చెప్పాలి. 2024 నీటి చారలు గోడల మీద ఇంకా కనబడుతున్నాయి. సున్నం వేసేలోపు టేపు పెట్టి కొలిచి, వీధివారీగా రాయండి. ఆ కాగితం పట్టుకుని కలెక్టర్ గారి దగ్గరికి వెళదాం. ముందుగా ఏ వీధివాళ్లు రాస్తారో చేతులెత్తండి.