సెలవుల్లో కాలేజీ మరమ్మతులు: ముందు సుత్తి, చివర రంగు

[తెర మీద: ఖాళీ తరగతి గది. నిచ్చెన మీద నిలబడ్డ మేస్త్రీ చిన్న సుత్తితో సీలింగ్‌ని తడుతున్నాడు. టంగ్. టంగ్. టంగ్. డొబ్.]

విన్నారా? మొదటి మూడు దెబ్బలకీ ఖంగుమంది. నాలుగో దెబ్బకి డొల్ల చప్పుడు వచ్చింది. కింద నుంచి చూస్తే నాలుగు చోట్లా ఒకటే రంగు, ఒకటే నునుపు. కానీ ఆ నాలుగో చోట సిమెంటు పొర లోపలి చువ్వల నుంచి విడిపోయి, రంగుని పట్టుకుని వేలాడుతోంది. సరిగ్గా దాని కిందే రెండో బెంచీ ఉంది.

మేస్త్రీ సుత్తి పక్కన పెట్టి, చాక్‌పీస్‌తో అక్కడో సున్నా చుట్టాడు. ఈ వేసవి సెలవుల్లో మీ కాలేజీలో మరమ్మతులు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. రంగు డబ్బాల దగ్గర నుంచి కాదు.

[తెర మీద: బీచ్ రోడ్డు, అలలు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. కెమెరా మెల్లగా ఒక పాత భవనం కిటికీ ఊచల మీదికి.]

విశాఖలో ఇల్లున్నవాళ్లకి ఈ ఊచల సంగతి చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి రంగు వేస్తాం, మళ్లీ గోధుమ రంగు పొక్కులు వస్తాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, అది కనబడకుండా గోడలకి పట్టేస్తుంది. ఊచలకి జరిగేదే స్లాబు లోపల చువ్వలకీ జరుగుతుంది. కాకపోతే అక్కడ మనకి కనబడదు.

ఎలాగంటే, మంచి కాంక్రీటు క్షారంగా ఉంటుంది, దాని పీహెచ్ 12 నుంచి 13 దాకా. అంత క్షారంలో ఇనుము మీద సన్నటి రక్షణ పొర ఏర్పడుతుంది, అది ఉన్నన్నాళ్లూ తుప్పు రాదు. ఉప్పులోని క్లోరైడు మెల్లగా లోపలికి దిగి ఆ పొరని చెడగొడుతుంది. ఇంక తుప్పు మొదలు. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటేదీ? అందుకే కాంక్రీటుని కిందికి తోస్తుంది. ముందు చువ్వ పొడవునా సన్నటి పర్రె, తర్వాత డొల్ల, ఆఖరికి పెచ్చు.

చువ్వకీ బయటి గాలికీ మధ్య ఎంత కాంక్రీటు ఉందన్నదాన్ని బట్టి, ఉప్పు చువ్వదాకా దిగడానికి ఎన్నాళ్లు పడుతుందన్నది ఉంటుంది. ఈ మందాన్నే కవరింగ్ అంటారు. సముద్రతీర వాతావరణం నేరుగా తగిలే చోట 45 మిల్లీమీటర్లు ఉండాలని మన ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456 చెబుతుంది. పాత భవనాల్లో పెచ్చు ఊడిన చోట స్కేలు పెట్టి కొలిచి చూడండి, సంగతి తెలుస్తుంది.

[తెర మీద: కెమిస్ట్రీ ల్యాబ్. ఫినాఫ్తలీన్ సీసా.]

ఇక్కడో సరదా విషయం. ఇంజినీర్లు కాంక్రీటు ఆరోగ్యం చూడటానికి వాడే మందు మీ ల్యాబ్‌లోనే ఉంది. టైట్రేషన్‌లో వాడే ఫినాఫ్తలీన్. అప్పుడే కొట్టిన కాంక్రీటు ముక్క మీద చిలకరిస్తే, క్షారం మిగిలి ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాలేదంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అక్కడిదాకా వెళ్లి క్షారాన్ని తినేసిందని లెక్క. కానీ మన ఊళ్లో గులాబీ రంగు చూసి సంబరపడకండి. క్షారం బాగానే ఉండి ఉప్పు దిగి ఉండొచ్చు. దానికి డ్రిల్లుతో పొడి తీసి క్లోరైడు పరీక్ష చేయించాలి.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్లో ఏం జరిగిందో చెప్తాను, పేరు అడక్కండి. సెలవుల నుంచి వచ్చేసరికి గదులన్నీ లేత నీలం రంగులో మెరిసిపోతున్నాయి. వార్డెన్ గారు మమ్మల్ని వెంటేసుకుని మరీ చూపించారు. వానలు మొదలయ్యాక మూడో నెలలో మా గదిలో అరచేతి మందం పెచ్చు ఒకటి ఖాళీ మంచం మీద పడింది. మా వాడు ఆ పూట టిఫిన్‌కి వెళ్లాడు కాబట్టి సరిపోయింది. పెచ్చు అడుగున నీలం, మధ్యలో పాత తెలుపు, పైన తుప్పు మరక. మూడు సెలవుల మరమ్మతులు ఒకే ముక్కలో కనబడ్డాయి.

[తెర మీద: చువ్వ చుట్టూ కాంక్రీటు తొలిచే పని, దగ్గర నుంచి.]

సరే, డొల్ల దొరికింది. ఇప్పుడేం చేయాలి? ముందు బెంచీలు బయటికి, మనుషులు బయటికి. దెబ్బతిన్న జాగా పెద్దదైతే మేస్త్రీ ఒక్కడి మాట మీద ఆధారపడకండి, స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి. కింద స్లాబుని మోసే జాకీలు నిలబెట్టాకే పైన సుత్తి పడాలి.

పెచ్చు రాల్చి, కనిపించిన చువ్వ మీద రెడ్ ఆక్సైడ్ పూసి, సిమెంటు మెత్తేస్తే అయిపోదు. చువ్వ వెనక్కి వేలు దూరేంత చోటు వచ్చేదాకా తొలవాలి. చువ్వని చుట్టూతా వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దాలి. బాగా సన్నబడిపోయి ఉంటే పక్కన కొత్త చువ్వ కట్టాలి. తర్వాత తుప్పుని ఆపే పూత, అతుక్కోవడానికి ఇంకో పూత, దాని మీద పాలిమర్ కలిపిన మోర్టార్ పొరలు పొరలుగా. ఏ పూత తర్వాత ఎంతసేపు ఆగాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. చదివేవాళ్లు తక్కువ.

ఇంకో చిక్కుంది. ఉప్పు పట్టిన స్లాబులో ఒక ముక్క మాత్రం బాగుచేస్తే, ఆ ముక్క చుట్టుపక్కల చువ్వకి తుప్పు ఇంకా వేగంగా పట్టొచ్చు. ఇన్నాళ్లూ తుప్పు పట్టిన భాగం తను అరిగిపోతూ పక్కనున్న చువ్వని కాపాడింది. దాన్ని బాగుచేయగానే పక్కదాని వంతు వస్తుంది. నిరుడు వేసిన అతుకు అంచునే ఈ ఏడు పెచ్చు ఊడిందంటే కారణం తరచుగా ఇదే. అందుకని సుత్తి పరీక్ష సున్నా చుట్టిన చోటే కాదు, గది మొత్తం చేయండి.

నీళ్ల మాట మర్చిపోకూడదు. తీరం దగ్గర బోర్లలో ఉప్పు నీరు తగలడం మామూలే. చువ్వలున్న కాంక్రీటులో కలిపే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ క్లోరైడు ఉండకూడదన్నది నియమం. బయట ఉప్పుని తిడుతూ, బక్కెట్లతో మనమే లోపల పోస్తే ఎలా?

[తెర మీద: గోడ క్యాలెండర్. ఒక చెయ్యి తేదీలు కొట్టేస్తోంది.]

ఇప్పుడు రోజుల లెక్క. అసలు గొడవంతా ఇక్కడే.

సెలవులు 45 రోజులు అనుకుందాం. చివరి వారం రంగులకి వదిలేయండి. కొత్త ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరి, దాని క్షారం తగ్గి రంగు పట్టుకోవాలంటే 28 రోజులు ఆగడం మంచిది. 45 లోంచి 7 తీసేసి, 28 తీసేస్తే మిగిలింది 10. అంటే తొలవడం, చువ్వలు కట్టడం, మెత్తడం అన్నీ పదో రోజుకి అయిపోవాలి. మొదటి పది రోజులు చాలా కాలేజీల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు: ఎస్టిమేట్ వేస్తుంటారు!

పైగా సెలవులంటే గదులు ఖాళీగా ఉంటాయనుకోవద్దు. ఎంట్రన్స్ పరీక్షల సెంటర్ పడుతుంది, సప్లిమెంటరీ వస్తుంది, స్పాట్ వాల్యుయేషన్ క్యాంపు వస్తుంది. పరీక్ష హాలు పక్కన డ్రిల్లు మోగించలేరు. కాబట్టి సుత్తి పరీక్ష జనవరి, ఫిబ్రవరి ఆదివారాల్లో, టెండరు మార్చిలో, సెలవు మొదలైన రోజే జాకీలు. అలా కుదరకపోతే నా సలహా ఒకటే: మరమ్మతు పూర్తి చేయండి, ప్లాస్టరింగ్‌ని అలాగే బూడిద రంగులో వదిలేయండి, రంగులు దసరా సెలవుల్లో వేసుకోవచ్చు. చూడ్డానికి బాగుండదు. నిజమే. కానీ పచ్చి గోడ మీద వేసిన రంగు ఎలాగూ పొక్కులు లేస్తుంది.

క్యూరింగ్‌కి, అంటే కొత్త సిమెంటు పనిని తడిగా ఉంచడానికి, కూడా రోజుల లెక్క ఉంది. మామూలు సిమెంటు పని అయితే కనీసం 7 రోజులు తడపాలి. బూడిద కలిపిన పీపీసీ, స్లాగ్ సిమెంటు అయినా, రోళ్లు పగిలే రోహిణి ఎండ అయినా 10 రోజులు. ఉదయం ఓసారి పైపు పట్టుకుని వెళ్లిపోతే మధ్యాహ్నానికి గోడ పొడిపొడి. నిలువు పనులకి గోనెపట్టా కట్టి, దాన్ని తడిగా ఉంచడమే పద్ధతి.

[తెర మీద: డాబా. వాన నీటి గొట్టం మూతి దగ్గర ఎండుటాకుల కుప్ప.]

డాబా పని మృగశిర కార్తెకి ముందే ముగియాలి, జూన్‌లో వానలు వచ్చేస్తాయి కాబట్టి. పెద్ద పెద్ద కోటింగుల కంటే ముందు ఈ గొట్టం మూతి చూడండి. ఒక గుప్పెడు ఆకులు తీస్తే సగం లీకేజీలు ఆగిపోయిన భవనాలున్నాయి. ఇంకో దొంగ ఏసీ బిగించినవాడు. స్టాండు కోసం స్లాబుకి నాలుగు బెజ్జాలు పెట్టి, వాటిని మూయకుండా దిగిపోతాడు. పని అయ్యాక గొట్టం మూసి, రెండు మూడు రోజులు నీళ్లు నిలబెట్టి, కింద గదిలో తడి మచ్చ వస్తుందేమో చూడాలి. బిల్లు పాస్ చేయడం ఆ తర్వాతే.

సైకిల్ స్టాండు రేకుల బోల్టులు కూడా ఓసారి తిప్పి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లెవరూ తుప్పుపట్టిన బోల్టుని తేలిగ్గా తీసుకోరు.

[తెర మీద: తరగతి గది. ఆరు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.]

కొత్తవి కొనే విషయానికి వస్తే, ఫ్యాన్లు ముందు. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే, బ్రష్‌లు లేని మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో నడుస్తుంది. ఆరు ఫ్యాన్లు, రోజుకి ఎనిమిది గంటలు: గదికి రోజూ రెండు యూనిట్లకి పైగా ఆదా. స్మార్ట్ ప్యానెళ్లు పెట్టేముందు మాత్రం వైరింగ్ చూపించండి. ట్యూబ్‌లైట్ల కాలం నాటి తీగల మీద ఇప్పటి లోడు వేస్తే టెన్షనే. ల్యాబుల్లో, వాటర్ కూలర్ దగ్గర కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి.

స్టీలు రెయిలింగ్ కొంటే 304 రకమా, 316 రకమా అని అడగండి. రెండూ మెరుస్తాయి. సముద్రం పక్కన 304 మీద కొన్నాళ్లకే టీ మరకల్లా మచ్చలు వస్తాయి. 316లో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుని బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువే.

ర్యాంపు కడితే వాలు 1:12 దాటకూడదు. అరుగు 45 సెంటీమీటర్లు ఎత్తుంటే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. మెట్ల పక్కన రెండు మీటర్లలో ముగించేస్తే అది వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు కాదు, సామాన్లు జారవిడిచే బల్ల.

[తెర మీద: టాయిలెట్. ముక్కు మూసుకుంటున్న అటెండరు.]

తెరిచే ముందురోజు టాయిలెట్లు గుప్పుమంటాయి, కొత్త టైల్స్ వేసినా సరే. కంగారుపడొద్దు. నేల జాలీ కింద వంపు గొట్టంలో ఎప్పుడూ కాసిని నీళ్లుండి, డ్రైనేజీ గాలిని పైకి రానివ్వవు. నెలన్నర ఎండలకి ఆ నీళ్లు ఆవిరైపోయాయి, అంతే. ప్రతి జాలీలో ఒక చెంబుడు నీళ్లు పోయండి. కుళాయిలన్నీ తిప్పి, గొట్టాల్లో నిలవ నీరు పోయేదాకా వదలండి. కూలర్ ఫిల్టర్లు మార్చండి. క్యూరింగ్ కోసం నింపిన డ్రమ్ములు బోర్లించండి, లేకపోతే పిల్లల కంటే ముందు దోమలు అడ్మిషన్ తీసుకుంటాయి.

[తెర మీద: వాన. కారిడార్‌లో గొడుగు ముడుస్తున్న చెయ్యి.]

తొలి గట్టి వాన పడ్డ రోజు ఎవరో ఒకరు పై అంతస్తులో ప్రతి గదీ తిరగండి. తడి మచ్చ కనబడితే దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. దసరా సెలవులకి అదే నిచ్చెన తెచ్చి చూద్దాం, మచ్చ గీత దాటిందో లేదో.

[సుత్తి చప్పుడు. తెర చీకటి.]