పిల్లలు కూర ముట్టట్లేదా? ఈ వారం ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్తే. ఈరోజు ముచ్చట అంతా పిల్లలు తినే కూరల గురించే. ఇంటింటికీ వంట నేర్పించే అక్క మనతో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి, నేరుగా కాల్స్‌కి వెళ్దాం. హలో, ఎక్కడి నుంచి?

కాలర్: నమస్తే మేడం, హనుమకొండ నుంచి. మా బాబుకు నాలుగేళ్లు. పప్పు, పెరుగు, ఆలుగడ్డ, ఈ మూడే తింటాడు. బెండకాయ పెడితే జిగట జిగటగా ఉందని ఉమ్మేస్తాడు. రోజూ తిట్టడం, వాడు ఏడవడం, అన్నం టైం అంటేనే టెన్షన్ అవుతోంది అక్కా.

అక్క: తిట్టకు చెల్లె. జిగట అని వాడే కారణం చెప్పేశాడు కదా. పిల్లలు చాలాసార్లు రుచి నచ్చక కాదు, నోట్లో మెత్తగా, జారుడుగా తగిలేది నచ్చక వదిలేస్తారు. కూరను పొడిగా, కొంచెం కరకరలాడేటట్టు చేస్తే సగం గొడవ తీరుతుంది. బెండకాయల్ని రాత్రే కడిగి, బట్టతో తుడిచి ఆరబెట్టు, కోసిన తర్వాత మాత్రం నీళ్లు తగలనీయకు. వెడల్పు మూకుడు పెట్టు, చిన్న గిన్నెలో కుక్కితే ఆవిరికి మెత్తబడతాయి. నూనె బాగా కాగినాక ముక్కలు వేసి, మూత పెట్టకుండా వేయించు, ఊకె గరిటె పెట్టి తిప్పకు. ఉప్పు ముందే వేస్తే నీరు వదులుతుంది, చివర్లో వెయ్యి. అప్పటికీ జిగట ఉంటే ఒక చెంచా పెరుగో, కొంచెం నిమ్మరసమో వేస్తే విరిగిపోతుంది. దించేముందు వేయించిన పల్లీలు, జీలకర్ర, రెండు ఎల్లిపాయలు కలిపి దంచిన పొడి చల్లు.

కాలర్: అట్ల చేసినా తినకపోతే?

అక్క: తినకపోతే ఆ పూటకు వదిలెయ్. పళ్లెంలో రెండే ముక్కలు పెట్టు, వాడికి ఇష్టమైన ఆలుగడ్డ పక్కనే పెట్టు. కొత్త కూర అలవాటు కావాలంటే కొందరు పిల్లలకు పది, పదిహేను సార్లు రుచి చూపించాల్సి వస్తుంది, మనమేమో మూడోసారికే వీడు తినడులే అని ఆపేస్తాం. ఇంకొకటి, కూర తింటే చాక్లెట్ ఇస్తా అనే మాట అస్సలు వద్దు. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది.

యాంకర్: తర్వాతి కాల్, నర్సంపేట నుంచి. చెప్పండమ్మా.

కాలర్: బిడ్డా, నేను అమ్మమ్మను మాట్లాడుతున్న. మా ఇంట్ల కారం ఎక్కువ తింటరు. మూడేళ్ల మనుమరాలికి కూర ముక్కలు నీళ్లల్ల కడిగి పెడుతున్న. చప్పగ ఉందని మొహం తిప్పుతది.

అక్క: అమ్మా, కడిగితే కారంతో పాటు ఉప్పు, పులుపు, పోపు అన్నీ పోతాయి, ఇంక ఆమె ఏం తింటుంది చెప్పు. కారం వేయకుండా కూర మొత్తం వండు, ఆమెకు ఒక చిన్న గిన్నెలో తీసిపెట్టు, ఆ తర్వాత మిగిలిన దాంట్లో మీకు కావల్సినంత కారం వేసి ఇంకో రెండు నిమిషాలు ఉడికించుకోండి. పెద్దయ్యాక కొంచెం కారం అలవాటు చేయాలనుకుంటే మన దగ్గరి చపాటా మిర్చి ఉండనే ఉంది. చూడటానికి టమాటలాగా ఎర్రగా ఉంటుంది కానీ ఘాటు తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు పంట అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పల్లీలు మాత్రం ఆ వయసు పిల్లలకు పొడి చేసే వెయ్యి, గింజలుగా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

కాలర్: మంచిది బిడ్డా.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక అన్న లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే. మా ఇంట్లో పొద్దున పాప డబ్బా నేనే కడతాను, మా ఆవిడ డ్యూటీకి తొందరగా వెళ్తుంది. బీన్స్, క్యారెట్ చేసి పెడితే మధ్యాహ్నానికి తడితడిగా అయిపోయిందని అట్లనే వెనక్కి తెస్తుంది.

అక్క: వేడివేడిగా మూత పెడుతున్నట్టున్నావు తమ్మీ. ఆ ఆవిరే నీళ్లయి కూరలోకి దిగుతుంది. కూరను పళ్లెంలో పరిచి, చల్లారినాక డబ్బాలో పెట్టు. ముక్కలు చిన్నగా, ఒకే సైజులో కోసి, కొంచెం నూనెతో పోపు వేసి మగ్గించు. క్యారెట్‌లో ఉన్నది ఒంటికి పట్టాలన్నా కొంచెం నూనె ఉండాలి. చివర్లో రెండు చెంచాల పుట్నాల పొడి వేస్తే మిగిలిన తడి పీల్చుకుంటుంది. మన ఎండలకు పచ్చికొబ్బరి పొద్దున వేసింది మధ్యాహ్నానికి వాసనొస్తుంది, డబ్బాలోకి వద్దు.

యాంకర్: జనగామ నుంచి కాల్.

కాలర్: అక్కా, మా ఇద్దరు పిల్లలు సొరకాయ పేరెత్తితేనే లేచిపోతారు. తెలియకుండా పిండిలో కలిపి పెట్టొచ్చా?

అక్క: కలుపు, కానీ దాచకు. సర్వపిండి ఎట్లాగూ చేస్తారు కదా, సొరకాయ తురుము వేసి చెయ్యి. తురుములోనే నీరుంటుంది కాబట్టి బియ్యప్పిండిలో ముందు తురుము, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లాకు, ఉప్పు వేసి పిసికి, చాలకపోతేనే నీళ్లు చల్లు. గిన్నెకు నూనె రాసి పల్చగా ఒత్తి, వేలితో బొక్కలు పెట్టే పని పిల్లలకే ఇవ్వు, గిన్నె చల్లగా ఉన్నప్పుడే సుమా. తురుము కూడా వాళ్ల ముందే వెయ్యి. తెలియకుండా పెట్టి ఒకరోజు దొరికిపోతే సర్వపిండి కూడా మానేస్తారు. అది ఇష్టంగా తిన్నాక సొరకాయ కూర చిన్న ముక్కలుగా చేసి, ఉడికినాక పాలు పోసి, సన్న మంట మీద దగ్గరికి రానిచ్చి పెట్టు. కొంచెం తియ్యగా ఉంటుంది, చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు.

యాంకర్: చివరి కాల్, ములుగు నుంచి.

కాలర్: మేడం, మా పాపకు ఆరేళ్లు. ఏమీ తినదు. కనీసం బలం ఉంటుందని రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగిస్తున్నా.

అక్క: నాలుగు గ్లాసులు తాగితే ఆకలి ఎక్కడిది తల్లీ? రెండుకు తగ్గించు, అది కూడా అన్నం ముందు వద్దు. బిస్కెట్లు, కుర్‌కురేలు ఇంట్లో ఉంచకు. బరువు తగ్గుతున్నా, ముఖం పాలిపోయి ఊరికే అలసిపోతున్నా, ముద్ద మింగడానికే ఇబ్బంది పడుతున్నా పిల్లల డాక్టర్‌కు చూపించు, వంటతో తీరేది కాదు అది. ఇవాళ రాత్రికి ఇంట్లో కూరగాయలేం ఉన్నాయి?

కాలర్: బీరకాయలున్నాయి. కోడిగుడ్లు ఉన్నాయి.

అక్క: ఇంకేం కావాలి! బీరకాయ కొస కొంచెం కొరికి చూడు, చేదుంటే పారెయ్. చెక్కు తీసి చిన్నగా కోసి, ఉల్లిగడ్డతో మగ్గించు, నీళ్లు పొయ్యకు, దాని నీరే సరిపోతుంది. ఆ నీరు మొత్తం ఇగిరినాక రెండు గుడ్లు కొట్టి పోసి, ఒక నిమిషం కదపకుండా ఉంచి అప్పుడు కలుపు. పాపతో పాటు నువ్వూ కూర్చొని అదే కూర తిను. ఎన్ని ముద్దలు తిన్నదని లెక్కపెట్టకు.

కాలర్: సరే అక్కా, ఇప్పుడే చెక్కు తీస్తా.