రాయి పడ్డ చోటు

అందరికీ నమస్కారం. డైనోసార్లు ఎందుకు పోయాయో చెప్పమన్నారు నన్ను. ఆస్టరాయిడ్ పడింది, పోయాయి, థాంక్యూ అని దిగిపోవచ్చు, చిన్నపిల్లల్ని అడిగినా అదే చెప్తారు. కానీ ఒకప్పటి థియరీలు వింటే మీకు నవ్వొస్తుంది. చిన్న చిన్న క్షీరదాలు వాటి గుడ్లన్నీ తినేశాయని ఒకరు, గొంగళిపురుగులు ఆకులన్నీ మేసేస్తే తిండి లేక పోయాయని ఇంకొకరు, కళ్లలో శుక్లాలొచ్చాయని మరొకరు. సరే, డైనోసార్లకి శుక్లాలు వచ్చాయే అనుకుందాం, మరి అదే టైంలో సముద్రంలో అమ్మోనైట్లు, అదే, చుట్టలు చుట్టుకున్న గుల్లల్లో ఉండే జీవులు, ఎందుకు పోయినట్టు?

అసలు కథ ఇటలీలో గుబ్బియో అనే ఊరి దగ్గర మొదలైంది. అక్కడ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి పొరలు పొరలుగా బయటికి కనిపిస్తుంది. కింది పొరని భూతద్దంతో చూస్తే ఫోరామినిఫెరా అని ఏకకణ జీవుల గుల్లలు, ఇసుక రేణువులంత, బోలెడు రకాలు. దానిమీద ఓ సెంటీమీటరు మందాన బంకమట్టి, సరిగ్గా డైనోసార్లు పోయిన కాలం నాటిది, అందులో ఏమీ లేవు. ఆ పైన మళ్లీ సున్నపురాయే, కానీ గుల్లలు ఏవో ఒకటీ అరా, అవి కూడా కంటికి ఆననంత చిన్నవి. వాల్టర్ ఆల్వరెజ్ అనే జియాలజిస్టుకి ఈ వేలెడు మందం లేని మట్టి పేరుకోడానికి ఎంతకాలం పట్టిందో తెలుసుకోవాలనిపించి, వాళ్ల నాన్న లూయిస్‌ని అడిగాడు. ఆయన 1968లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్నాయన, కాస్మిక్ కిరణాలతో ఈజిప్టు పిరమిడ్ లోపల రహస్య గదులున్నాయేమో వెతికిన మనిషి, కొడుకు అడిగితే ఊరుకుంటాడా.

ఆయన లెక్క ఏంటంటే, ఇరిడియం అనే లోహం భూమి పైపొరలో చాలా తక్కువ, కానీ అంతరిక్షం నుంచి రాలే దుమ్ములో ఉంటుంది, ఆ దుమ్ము దాదాపు ఒకే వేగంతో రాలుతూ ఉంటుంది కాబట్టి మట్టిలో ఇరిడియం ఎంతుందో కొలిస్తే అదే గడియారంలా పనిచేస్తుంది. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ అనే కెమిస్టులు కొలిచారు. మామూలుగా ఉండేదానికి సుమారు 30 రెట్లు వచ్చింది, గడియారం మాట దేవుడెరుగు! దగ్గర్లో ఏదైనా నక్షత్రం పేలిందేమో అని ముందు అనుమానించారు, అదే అయితే అలాంటి పేలుడులో పుట్టే ప్లుటోనియం-244 కూడా దొరకాలి కదా, అది లేదు. చివరికి 1980లో నలుగురూ కలిసి పేపర్ వేశారు: సుమారు 10 కిలోమీటర్ల ఆస్టరాయిడ్ గుద్దింది అని.

మరి గొయ్యేది? అందరూ అడిగింది అదే. తమాషా ఏంటంటే, మెక్సికోలో ఆయిల్ కోసం సర్వే చేసిన గ్లెన్ పెన్‌ఫీల్డ్, ఆంటోనియో కమార్గో అక్కడి యుకటాన్ ద్వీపకల్పం దగ్గర భూమిలో పెద్ద గుండ్రటి ఆకారం ఉందని, అది ఇంపాక్ట్ క్రేటర్ కావచ్చని 1981లోనే ఒక మీటింగ్‌లో చెప్పారు, పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. పదేళ్లు పోయాక 1991లో గానీ ఆ ఆకారమే, అంటే సుమారు 180 కిలోమీటర్ల వెడల్పున్న చిక్సులూబ్ క్రేటరే, మనం వెతుకుతున్న గొయ్యి అని పేపర్ రాలేదు. లూయిస్ 1988లోనే చనిపోయాడు పాపం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పాయింట్. రాయి ఎంత పెద్దదనే అందరూ మాట్లాడతారు, ఎక్కడ పడిందో ఎవరూ పట్టించుకోరు. అక్కడి రాళ్లలో జిప్సం లాంటివి దండిగా ఉన్నాయి, అంటే గంధకం. 2016లో ఆ క్రేటర్‌లోకి డ్రిల్ చేసి తీసిన రాళ్లలో చుట్టుపక్కల అంత ఉండాల్సిన ఆ గంధకపు రాయి దాదాపు కనిపించలేదు, ఆవిరై పైకి పోయిందన్నమాట. అది గాలిలో పొగమంచులా పరుచుకుని, దానికి మసి, దుమ్ము తోడై ఎండ రాకుండా కప్పేసింది. ఎండ లేకపోతే ఆకు లేదు, ఆకు లేకపోతే దాన్ని మేసేది లేదు, మేసేది లేకపోతే దాన్ని తినేదీ లేదు. దెబ్బకి చచ్చినవాటికంటే ఆ చీకట్లో, చలిలో, ఆకలితో చచ్చినవే ఎక్కువని నేననుకుంటాను. అంత మసి లేపగల రాళ్లున్న చోట్లు అప్పటి భూమ్మీద సుమారు 13 శాతమేనని 2017లో జపాన్ సైంటిస్టులు లెక్కగట్టారు. ఇంకోచోట పడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

బతికినవాటిని చూసినా ఇదే తెలుస్తుంది. నదుల్లో కుళ్లిన ఆకూ అలమూ మీద నడిచే తిండి గొలుసు ఉంటుంది, దానికి వెంటనే ఎండ అక్కర్లేదు, తాబేళ్లు, మొసళ్లు అలా గట్టెక్కాయని చాలామంది అంటారు. నేలమీద మాత్రం పెద్ద ఒళ్లున్నవి దాదాపు అన్నీ పోయాయి. పక్షులు మిగిలాయి, అవీ డైనోసార్లే, మర్చిపోకండి.

దక్కన్ అగ్నిపర్వతాల సంగతేంటని అడుగుతారని తెలుసు. అడగాలి కూడా. అదే రోజుల్లో పశ్చిమ భారతంలో లావా పొరమీద పొరగా పొంగింది, ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది, ఒకేసారి కాదు, లక్షల ఏళ్లపాటు. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త అసలు హంతకుడు ఇదే అని ఏళ్ల తరబడి వాదిస్తూ వచ్చారు. 2019లో రెండు టీములు ఆ రాళ్ల వయసు కట్టాయి, ఒకరేమో రాయి పడే ముందే పెద్ద విస్ఫోటం జరిగిందన్నారు, ఇంకొకరేమో లావాలో ఎక్కువ భాగం తర్వాతే వచ్చిందన్నారు. ఒకే కొండలు, రెండు జవాబులు! నా ఓటు మాత్రం ఆస్టరాయిడ్‌కే, ఎందుకంటే గుబ్బియోలో ఆ గుల్లలు మెల్లగా తగ్గుతూ పోలేదు, ఆ ఒక్క గీత దగ్గర టక్కున ఆగిపోయాయి. లావా వాతావరణాన్ని ముందే కొంత దెబ్బతీసి ఉండొచ్చు, కాదనను. ఒప్పుకోనివాళ్లు చేతులెత్తండి, మైక్ అటు ఇవ్వండి ప్లీజ్.