ఈ వయసులో క్యాన్సరా?

"డాక్టరుగారూ, చిన్న వయసులో వస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మొండిగా ఉంటుందట కదా?" ఓపీలో నేను తరచూ వినే ప్రశ్న ఇది. బయాప్సీ రిపోర్టు చేతిలో పట్టుకున్న ముప్పై ఏళ్ల మనిషి అడిగితే అవును, కాదు అని తేల్చేయలేం.

పరిశోధనలు కూడా ఒక్క మాట మీద లేవు. అయితే స్టేజి, కణితి సైజు, లింఫు గ్రంథులకు పాకిందా లేదా అన్నవి కలిపి లెక్కేస్తే వయసు ప్రభావం చాలావరకు తగ్గిపోతుంది. అమెరికా లెక్కల ప్రకారం ముఖద్వారం దాటకముందే పట్టుకుంటే అయిదేళ్ల తర్వాత 100 మందిలో 90 మంది దాకా బతికుంటారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే 20 మంది కూడా మిగలరు. పెద్ద వయసులో ముదిరాక బయటపడే కేసులే ఎక్కువని కూడా మరిచిపోకండి.

మరి చిన్నవాళ్లకు చిక్కు ఎక్కడ? ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ అనే వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అందుకే 25 లోపు చాలా అరుదు. ఆ అరుదే ఒక్కోసారి కొంప ముంచుతుంది. కలయిక తర్వాత చుక్క చుక్కగా రక్తం కనపడుతుంది. ఆ అమ్మాయి సిగ్గుపడి రెండు నెలలు ఎవరికీ చెప్పదు. చెప్పాక "హార్మోన్ల తేడా" అని మాత్రలిస్తారు. మరో మూడు నెలలు గడిచిపోతాయి. లైటు వేసి ముఖద్వారాన్ని ఒకసారి చూడటానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఈ వయసులో క్యాన్సరేమిటిలే అని ఎవరూ చూడరు. నిజం చెప్పాలంటే ఈ తప్పులో మా డాక్టర్ల వాటా తక్కువేం కాదు.

ఇంకో సంగతి. గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా వాటా చిన్న వయసువాళ్లలో కాస్త ఎక్కువ. ముఖద్వారం లోపలి సన్నటి దారిలో పెరుగుతుంది కాబట్టి ముఖద్వారం కణాలను గీకి తీసి చూసే పాప్ స్మియర్ పరీక్షకు ఒక్కోసారి చిక్కదు. హెచ్‌పీవీ పరీక్ష ఇక్కడ మెరుగు.

పిల్లలు కావాలనుకునేవాళ్లకు దారి మూసుకుపోలేదు. కణితి 2 సెంటీమీటర్ల లోపుంటే, చాలామందిలో గర్భసంచిని ఉంచి ముఖద్వారాన్ని, దాని చుట్టూ కొంత కణజాలాన్ని తీసేయవచ్చు. ఫ్రాన్స్‌లో డానియెల్ డార్జాన్ 1987లో మొదలుపెట్టిన ఆపరేషన్ అది. రేడియేషన్ తప్పకపోతే గర్భం మోయడం సాధ్యపడకపోవచ్చు, కానీ అండాశయాలకు రేడియేషన్ తగలకుండా వాటిని ముందే పైకి జరిపి నెలసరి తొందరగా ఆగిపోకుండా ప్రయత్నించవచ్చు. ఈ మాట రేడియేషన్ మొదటి సిట్టింగ్‌కు ముందే అడగండి. మేం మరిచిపోయినా సరే, మీరు అడగండి.