పదమూడో నెల జీతం

శ్రోతలకు నమస్కారం.

ఏడాదికి నెలలు పన్నెండు. ఆర్జెంటీనాలో నికరమైన ఉద్యోగం చేస్తున్న మనిషిని ఏడాదికి జీతాలు ఎన్ని అని అడిగితే మాత్రం పదమూడు అంటాడు. ఆ పదమూడో జీతాన్ని వాళ్లు అగినాల్దో అంటారు. జూన్ 30 నాటికి సగం, డిసెంబరు 18 నాటికి మిగతా సగం. జూన్ అంటే అక్కడ చలికాలం, డిసెంబరు అంటే ఎండాకాలమూ క్రిస్మసూ. పాత బాకీ తీర్చడం, ఇంటికి సున్నం వేయించడం, పిల్లలకు బట్టలు తీయడం, ఇవన్నీ "అగినాల్దో రానీ, చూద్దాం" అనే మాట మీద ఆగి ఉంటాయి.

ఈ రోజు మన విషయం హువాన్ డొమింగో పెరోన్. ఆయనా, ఆయన పేరు మీద పుట్టి ఆయన పోయిన యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ దేశాన్ని వదలని పెరోనిజం అనే ఉద్యమమూ. పెరోన్ గురించి చెప్పేవాళ్లు సాధారణంగా బాల్కనీ దగ్గర మొదలుపెడతారు. కింద లక్షల జనం, పైన చేతులెత్తిన నాయకుడు, పక్కన భార్య ఎవా. నేను జీతం చీటీ దగ్గర మొదలుపెడుతున్నాను. ఆ ఉద్యమం దేశం మీద వేసిన ముద్ర నాకు అక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

పూర్వరంగం క్లుప్తంగా చెప్పేస్తాను. 1943 జూన్‌లో సైన్యం అధికారం పట్టింది. అందులో పెరోన్ ఒక కల్నల్. మిగతా అధికారులు పెద్ద పెద్ద శాఖల కోసం చూస్తుంటే ఆయన ఎవరికీ పట్టని కార్మిక శాఖ అడిగి తీసుకున్నాడు. యూనియన్ నాయకుల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. పాతికేళ్లుగా కాగితాల మీదే నానుతున్న డిమాండ్లకు సంతకాలు పెట్టాడు. 1944లో పొలాల్లో పనిచేసే పాలేర్లకు కనీస వేతనం, ఆదివారం సెలవు, జీతంతో కూడిన సెలవులు ఇస్తూ శాసనం తెచ్చాడు. భయపడిన తోటి అధికారులు 1945 అక్టోబరులో ఆయన్ని పదవుల్లోంచి దింపి, మార్తీన్ గార్సియా దీవిలో నిర్బంధించారు. అక్టోబరు 17న మాంసం ఫ్యాక్టరీల కార్మికులు బెరిస్సో నుంచీ అవెయనేదా నుంచీ రాజధాని మీదికి కదిలారు. వంతెనలు ఎత్తేస్తే పడవల మీద నది దాటారు. ప్లాసా దె మాయో చౌకులో ఫౌంటెన్ నీళ్లలో అలసిన కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ రాత్రి పదకొండు గంటల వేళ పెరోన్ బాల్కనీలోకి వచ్చాడు. బాల్కనీ కథ అంతే.

ఇప్పుడు జీతం చీటీ.

1945 డిసెంబరు 20న సైనిక ప్రభుత్వం నుంచి 33,302 నంబరుతో ఒక డిక్రీ, అంటే ఉత్తర్వు, వచ్చింది. ఏడాది పొడవునా కార్మికుడికి ఇచ్చిన మొత్తం కూలిని పన్నెండుతో భాగించు, వచ్చిన మొత్తాన్ని డిసెంబరు 31 లోగా అదనంగా చెల్లించు. దాని సారం అంతే. యజమానికి మిగిలింది పదకొండు రోజులు. గమనించండి, యజమాని దయ అని లేదు, లాభం వస్తేనే అని లేదు. భాగించాలి, చెల్లించాలి. అప్పటిదాకా కొన్ని సంస్థలు క్రిస్మస్‌కి ఇష్టపడి ఇచ్చుకునే కానుకకు ఇప్పుడు లెక్కా వచ్చింది, తేదీ కూడా వచ్చింది.

యజమానులు ఒప్పుకోలేదు. పెరోన్ పోటీ చేస్తున్న అధ్యక్ష ఎన్నికలకు రెండు నెలల ముందు ఇది లంచం అన్నారు, సైనిక ప్రభుత్వానికి ఇలాంటి డిక్రీ ఇచ్చే అధికారం లేదన్నారు. జనవరి 14 నుంచి మూడు రోజులు దుకాణాలకూ ఫ్యాక్టరీలకూ తాళాలు వేశారు. పెరోన్‌కు ఎదురు నిలిచిన కూటమిలో సోషలిస్టులు, కమ్యూనిస్టులు కూడా ఉన్నారు, అంటే జీవితమంతా కార్మికుల పక్షాన మాట్లాడినవాళ్లు. ఆ మూడు రోజుల్లో వాళ్లు తాళం వేసినవాళ్ల వరుసలో నిలబడినట్టు జనానికి కనిపించింది. పైగా అమెరికా రాయబారిగా పనిచేసి వెళ్లిన బ్రాడెన్ బాహాటంగా పెరోన్‌ను వ్యతిరేకించాడు. దాంతో గోడల మీద రాత ఒక్కటే, "బ్రాడెనా, పెరోనా". ఫిబ్రవరి 24న ఓట్లు పడ్డాయి. పెరోన్ సగానికి పైగా ఓట్లతో, దాదాపు 2 లక్షల 80 వేల తేడాతో గెలిచాడు.

ఎన్నికల తాయిలమే కదా అని మీరు అడగవచ్చు. అవును, వేళ చూసే ఇచ్చారు. కానీ ఆ డిక్రీకి తర్వాత ఏమైందో చూడండి.

1955 సెప్టెంబరులో సైన్యం పెరోన్‌ను కూలదోసింది. అంతకు మూడు నెలల ముందు నౌకాదళం విమానాలు అదే చౌకు మీద బాంబులు వేసి 300 మందికి పైగా ప్రాణాలు తీశాయి. 1956 మార్చిలో కొత్త పాలకులు 4,161 నంబరు డిక్రీ తెచ్చారు. పెరోన్ పేరు ఎత్తకూడదు, ఎవా బొమ్మ పెట్టుకోకూడదు, వాళ్ల పాట పాడకూడదు. పత్రికలు ఆయన్ని "పారిపోయిన నిరంకుశుడు" అని రాయాల్సి వచ్చింది. పేరే నేరమైన రోజులవి. ఆ రోజుల్లో కూడా అగినాల్దో ఆగలేదు. ఆగకపోవడమే కాదు, 1956 జనవరిలో అదే ప్రభుత్వం ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం తెచ్చిన 326 నంబరు డిక్రీలో వాళ్లకు కూడా ఆ అదనపు నెల జీతాన్ని రాసిపెట్టింది. 1968లో జనరల్ ఒన్‌గానియా సైనిక పాలనలో దాన్ని రెండు భాగాలు చేశారు. ఏడాది చివరిదాకా ఆగక్కర్లేకుండా మధ్యలో సగం. 1984లో, పెరోనిస్టుల్ని ఓడించి వచ్చిన రాడికల్ పార్టీ అధ్యక్షుడు అల్ఫోన్సిన్ కాలంలో లెక్క కట్టే పద్ధతే మారింది. అదీ కార్మికుడికి మేలయ్యేలా.

ఆ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. కాస్త దగ్గర నుంచి చూద్దాం. పెన్సిలు ఉంటే తీసుకోండి.

జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకాయనకు నెలకు 9 లక్షల పెసోలు వచ్చాయనుకుందాం. ఏప్రిల్‌లో 10. మే నెలలో ఓవర్‌టైమ్‌తో కలిపి 12. జూన్‌లో 11. ఆరు నెలలకు మొత్తం 60 లక్షలు. పాత పద్ధతిలో పన్నెండుతో భాగిస్తే 5 లక్షలు వస్తుంది. 1984 చట్టం ప్రకారం ఆ ఆరు నెలల్లో ఎక్కువ జీతం ఏ నెలదో చూడాలి. ఇక్కడ మే నెలది, 12 లక్షలు. అందులో సగం, అంటే 6 లక్షలు.

లక్ష తేడా ఎందుకు పెట్టారు? ధరలు పరుగెత్తే దేశంలో జనవరి జీతానికి జూన్‌లో విలువ ఉండదు. సగటు తీస్తే పాత నెలల చచ్చిన విలువ కొత్త డబ్బును కిందికి లాగుతుంది. అందుకని పెద్ద నెలను పట్టుకున్నారు. ఏప్రిల్ 1న చేరినవాళ్లకు ఆరు నెలల్లో మూడు నెలలే కాబట్టి 6 లక్షల్లో సగం, 3 లక్షలు. మధ్యలో ఉద్యోగం మానేసినా పనిచేసిన రోజుల వంతు ఆఖరి లెక్కలో ఇచ్చి తీరాలి. చేతికి మాత్రం నిండా 6 లక్షలు రావు. పింఛను నిధికి 11, వృద్ధుల వైద్యానికి 3, సొంత వైద్యానికి 3, వెరసి 17 శాతం మామూలు జీతంలోలాగే ఇందులోనూ కోతపడుతుంది. మిగిలేది 4 లక్షల 98 వేలు.

మన దగ్గర పండగ బోనస్‌కి కనీసం 8.33 శాతం అని ఉంటుంది కదా. ఆ అంకె ఎక్కడిదని చాలామంది ఆశ్చర్యపోతారు. వందను పన్నెండుతో భాగించండి, అదే వస్తుంది. అదీ ఒక నెల జీతమే, పైన గరిష్ఠ పరిమితి పెట్టిన నెల జీతం.

మళ్లీ పెరోన్ దగ్గరికి వద్దాం. పెరోన్ పాలనలో ఇచ్చినవన్నీ నిలవలేదు. 1948లో ఎవా పేరున ఒక ఫౌండేషన్ మొదలైంది. ఆమె స్వయంగా కూర్చుని అర్జీలు వినేది. కుట్టుమిషన్లు, మంచాలు, బూట్లు, పిల్లలకు బొమ్మలు, క్రిస్మస్‌కి కేకూ సైడరు సీసా. అవి అందుకున్న ఇళ్లల్లో ఆమె ఫొటో దేవుడి పటం పక్కన ఉండేది. ఆ కృతజ్ఞత అబద్ధం కాదు, ఎగతాళి చేయదగింది అంతకన్నా కాదు. ఆమె 1952 జులై 26న 33 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయింది. 1955 తర్వాత ఫౌండేషన్ మూతపడింది. కుట్టుమిషన్ అడగడానికి వెళ్లాల్సిన గుమ్మమే లేదు. అగినాల్దోకి గుమ్మం అక్కర్లేదు. జీతాల గుమాస్తా పుస్తకంలో అది ఒక వరుస. ఆ వరుస కొట్టేయాలంటే దేశంలో ప్రతి ఉద్యోగి జీతం చీటీ మీదా కొట్టేయాలి. ఆ పని చేయడానికి జనరళ్లకే ధైర్యం చాలలేదు.

అయితే అదే జీతం చీటీలో మరో వరుస ఉంది, దాని కథ ఇంత మంచిది కాదు. యూనియన్ చందా. 1945 అక్టోబరు డిక్రీ ప్రకారం ఒక్కో పరిశ్రమలో అందరికన్నా పెద్ద యూనియన్‌కు ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంది. బేరమాడే హక్కు దానిదే. అది కుదుర్చుకున్న ఒప్పందం ఆ పరిశ్రమలో సభ్యులు కానివాళ్లకు కూడా వర్తిస్తుంది. సభ్యుల చందాను యజమానే జీతంలో పట్టి యూనియన్‌కు పంపుతాడు. దీనివల్ల యూనియన్లకు ఎన్నడూ లేని బలం వచ్చింది. చిక్కెక్కడంటే, గుర్తింపు ఇచ్చిన చెయ్యే దాన్ని వెనక్కి తీసుకోగలదు. అందుకని నాయకుడి చూపు నెమ్మదిగా ఫ్యాక్టరీ గేటు నుంచి మంత్రి గది వైపు తిరుగుతుంది.

సిప్రియానో రెయెస్ పేరు చెప్పకుండా ఇది పూర్తికాదు. బెరిస్సో మాంసం కార్మికుల్ని కూడగట్టి, అక్టోబరు 17 జరగడానికి ముందు నిలిచినవాళ్లలో ఒకడు. పెరోన్ ఎన్నికల్లో నిలబడిన లేబర్ పార్టీని కట్టినవాళ్లలో ఒకడు. గెలిచిన మూడు నెలలకే ఆ పార్టీని రద్దు చేయమని పెరోన్ ఆదేశించాడు. రెయెస్ కాదన్నాడు. 1948లో జైలుకి వెళ్లినవాడు పెరోన్ పడిపోయాకే బయటికి వచ్చాడు. వేతనాలు నిజంగా పెరిగాయి, 1947 చట్టంతో ఆడవాళ్లకు ఓటు వచ్చింది, ఇవి తిరుగులేని మేళ్లు. అదే చేత్తో 1951లో లా ప్రెన్సా పత్రికను గుంజుకుని యూనియన్ల సమాఖ్యకు అప్పజెప్పారు. ఈ రెండోది చెప్పకుండా మొదటిది చెప్పేవాళ్లతో నేను ఏకీభవించలేను.

డబ్బు సంగతి కూడా ఒక్క మాట. ప్రభుత్వం రైతు దగ్గర గోధుమను తాను పెట్టిన ధరకు కొని, యుద్ధానంతరం ఆకలితో ఉన్న ప్రపంచానికి ఎక్కువ ధరకు అమ్మింది. ఆ తేడాతో చాలా నడిచింది. 1949 నాటికి బయట ధరలు పడ్డాయి, గిట్టుబాటు కాక రైతు విత్తడం తగ్గించాడు, ఆపైన కరువు. 1952లో గోధుమల గాదెలాంటి ఆ దేశంలో జనం చిరుధాన్యం పిండి కలిపిన నల్ల రొట్టె తిన్నారు. ధరలు ఏడాదిలో దగ్గర దగ్గర 40 శాతం పెరిగాయి. జీతం పెరగడం, ధర దాన్ని తరమడం అప్పటి నుంచీ ఆ దేశానికి తప్పలేదు.

పెరోన్ 18 ఏళ్ల ప్రవాసం తర్వాత తిరిగొచ్చి, 1973లో దాదాపు 62 శాతం ఓట్లతో గెలిచి, 1974 జులై 1న అధికారంలో ఉండగానే పోయాడు. తర్వాత ఆయన పేరు చెప్పుకునే అధ్యక్షుడు మెనెమ్ 1990లలో ప్రభుత్వ సంస్థలు అమ్మాడు. ఆయన పేరే చెప్పుకునే కిర్చ్‌నర్ దంపతుల కాలంలో కొన్నింటిని వెనక్కి తీసుకున్నారు. పేరొకటే, దారులు రెండు. పెరోనిజం అంటే ఏమిటో సూత్రంగా చెప్పమంటే అక్కడి పండితులే తడబడతారు. అగినాల్దో అంటే ఏమిటో చెప్పమంటే పదో తరగతి పిల్లవాడు చెబుతాడు.

ఇది అందనివాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల గురించే ఈ చివరి మాట. ఆర్జెంటీనా కార్మికుల్లో మూడోవంతుకు పైగా లెక్కల్లో లేకుండా పనిచేస్తారు. దాన్ని అక్కడ "నలుపులో పని" అంటారు. జీతం చీటీ లేదు కాబట్టి పదమూడో జీతమూ లేదు. సగం చీటీ మీద, సగం కవర్లో తీసుకునేవాళ్లకు చీటీ మీది సగానికే లెక్క. చట్టం దృష్టిలో మాత్రం కవర్లో ఇచ్చిందీ జీతమే, అడిగే హక్కు ఉంది. అడిగే పద్ధతి తంతి, అంటే టెలిగ్రాం. మన దేశంలో 2013 జులైలో తంతి సేవ ఆగిపోయింది, అక్కడ కార్మికుడి తంతి ఇంకా నడుస్తోంది. 23,789 నంబరు చట్టం ప్రకారం ఉద్యోగి యజమానికి పంపే తంతికి పోస్టాఫీసులో ఒక్క పెసో కూడా తీసుకోకూడదు. గడువు దాటాక నాలుగు పనిదినాలు ఆగాలి. తర్వాత గుర్తింపు కార్డుతో వెళ్లి ఫారం తీసుకోవాలి. ఏ తేదీన చేరాను, ఏం పని చేస్తున్నాను, ఎన్ని గంటలు, నిజంగా చేతికి ఎంత ఇస్తున్నారు, ఏ అరసంవత్సరానికి ఎంత రావాలి, ఈ అయిదూ అంకెలతో సహా రాయాలి. చాలామంది చేసే పొరపాటు కోపమంతా రాసి చేరిన తేదీ మరిచిపోవడం. ఆ తేదీ లేకపోతే వంతు లెక్క నిలవదు. ముద్ర వేసిన నకలు తీసుకుని, అది ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకున్నాకే యజమానితో మాట్లాడడానికి వెళ్లాలి.

నమస్కారం.