ఏం చేశాడని అడగాలి, ఎలా ఉన్నాడని కాదు

(చర్చా కార్యక్రమం నుంచి కొంత భాగం)

యాంకర్: కెప్టెన్ గారూ, విమానంలో గడ్డం ఉన్న మనిషి పక్కన కూర్చుంటే చాలు, కొందరు హడలిపోతున్నారు. పైలట్‌గా పనిచేసిన మీరేమంటారు?

విశ్రాంత పైలట్: భయపడటమే తప్పని నేననను. 2001 సెప్టెంబర్ 11 చూసినవాళ్లం. కానీ 2006 ఆగస్టులో జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముంబయికి బయల్దేరిన అమెరికా సంస్థ నార్త్‌వెస్ట్ విమానం వెనక్కి తిరిగింది, డచ్ యుద్ధ విమానాల కాపలాతో. 12 మంది భారతీయులను అరెస్టు చేశారు. సెల్‌ఫోన్ల విషయంలో వాళ్ల తీరు సిబ్బందికి అనుమానం కలిగించింది. ఉగ్రవాదం ఆనవాళ్లేవీ దొరక్క మర్నాడు వదిలేశారు.

యాంకర్: లండన్ నుంచి వెళ్లే విమానాలను పేల్చేయాలన్న కుట్ర బయటపడి అప్పటికి రెండు వారాలే కదా. సిబ్బందికి టెన్షన్ ఉండదా?

పైలట్: ఉంటుంది. ఫోన్ ఆపమన్నా ఆపకపోతే నేనైనా ఊరుకోను. అదే పని ఒక తెల్లవాళ్ల బృందం చేసి ఉంటే యుద్ధ విమానాలు వచ్చేవా? రావనే నా నమ్మకం.

మీడియా అధ్యాపకురాలు: ఈ భయంలో టీవీల వాటా చాలా ఉంది. 1995లో అమెరికాలోని ఓక్లహోమా సిటీ పేలుడులో 168 మంది చనిపోయారు. మొదటి గంటల్లో ఛానళ్లు పశ్చిమాసియా వాళ్లవైపు వేలు చూపించాయి. చేసింది తిమోతీ మెక్‌వే, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఇక 2001 సెప్టెంబర్ 15న అరిజోనాలో తలపాగా కట్టుకున్న సిక్కు వ్యాపారిని ఆయన పెట్రోల్ బంకు దగ్గరే కాల్చి చంపారు. ఆ వార్తను ఇప్పటికీ ఎలా చెబుతున్నాం? 'ముస్లిం అనుకుని పొరపాటున చంపారు' అని. నాకు ఆ 'పొరపాటున' దగ్గరే గుండె మండుతుంది. ఆయన ముస్లిమే అయి ఉంటే అది సరైన హత్య అయ్యేదా?

యాంకర్: కాదు మేడమ్, ముమ్మాటికీ కాదు. అయినా ఒకవేళ నిజంగానే బాంబు ఉంటే?

పైలట్: 2009 క్రిస్మస్ రోజున అమెరికాలోని డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒక నైజీరియా యువకుడి దగ్గర నిజంగానే ఉంది. అతని తండ్రే నెల ముందు అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి కొడుకు మీద అనుమానం ఉందని చెప్పాడు. అయినా అతని పేరు విమానం ఎక్కనివ్వని జాబితాలోకి చేరలేదు. చేతికందిన సమాచారాన్ని వదిలేసి ముఖాలు వెతికితే ఏం లాభం?

యాంకర్: మరి పక్క సీటు మనిషి మీద అనుమానం వస్తే ఏం చేయాలి?

పైలట్: సిబ్బందికి చెప్పండి, తప్పులేదు. సిబ్బంది మాత్రం 'అతనేం చేశాడు?' అని ముందు అడగాలి. 2016లో ఫిలడెల్ఫియాలో ఒకావిడకు పక్కనున్న ఇటలీ ఆర్థికవేత్త ఏదో గబగబా రాస్తుంటే భయం వేసింది. ఆయన్ని విమానం దింపి ప్రశ్నించారు. రెండు గంటలకు పైగా ఆలస్యం. ఆయన రాస్తున్నది గణిత సమీకరణాలు.